ముప్పై వేల హెడ్‌ఫోన్ కొంటే ఇంట్లో రొద ఆగుతుందా?

విజయవాడ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 31. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తారు. క్లయింట్లు ఇంగ్లండ్‌లో ఉండటంతో షిఫ్టు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర దాకా. అందులో నాలుగైదు గంటలు కాల్స్‌లోనే గడుస్తాయి. ఇల్లు రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఇంట్లో భర్త, అత్తగారు, ఐదేళ్ల బాబు. ఈమె పనిచేసే గదికీ, టీవీ ఉండే హాలుకీ మధ్య ఒక్క గోడే అడ్డం.

"రెండేళ్లలో మూడు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కొన్నాను" అంటారామె. "మొదటిది 1,299. ఎనిమిది నెలలకు ఒకవైపు వినపడటం మానేసింది, పక్కన పడేశాను. రెండోది 1,799. డబ్బా మీద ఈఎన్‌సీ అని పెద్ద అక్షరాలతో ఉంటే, ఇంక బయటి గోల వినపడదని మురిసిపోయాను. ఏమీ తగ్గలేదు. మూడోది 1,499, ఇప్పుడు వాడుతున్నది. చెవుల దగ్గర మెత్త ఊడిపోయి నల్లటి పొట్టు రాలుతోంది. మొన్న ఒక కాల్‌లో క్లయింట్ మాట మధ్యలో ఆపి, మీ ఇంట్లో ఎవరో ఏడుస్తున్నట్టుంది, అంతా క్షేమమేనా అని అడిగాడు. అది మా అత్తయ్య చూస్తున్న సీరియల్. సిగ్గుతో చచ్చిపోయాను."

గత నెల ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు పక్క సీటు అమ్మాయి తన ముప్పై వేల హెడ్‌ఫోన్ ఒకసారి పెట్టుకోమని ఇచ్చిందట. "పెట్టుకోగానే ఏసీ హోరు ఆగిపోయింది. వేణువు పెట్టుకుని విన్నాను. వాయించేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటినుంచి అదే కావాలనిపిస్తోంది. మా వారిని అడిగితే, చెవులకు ముప్పై వేలా, జూన్‌లో బాబు ఫీజు కట్టాలి కదా అన్నారు. ఆయన స్నేహితుడు అదే కంపెనీది ఫస్ట్ కాపీ 2,500కి ఇప్పిస్తానన్నాడు. డాలస్‌లో ఉన్న మా అక్క, బావగారు డిసెంబర్‌లో వస్తున్నారు, వాళ్లు తెస్తామంటున్నారు. మా వారికి అది ఇష్టం లేదు. అత్తయ్యకేమో ఇప్పుడున్న దానితోనే కోపం, పిలిస్తే పలకనని. అందులో తప్పు లేదు. ఒకరోజు బాబు సొరుగులో వేలు ఇరికించుకుని ఏడుస్తూ తలుపు కొట్టాడు, కాల్ అయ్యేదాకా నాకు తెలియలేదు. ముప్పై వేలు పెట్టడం తప్పా? లేక ఇలా చవకవే కొంటూ పారేస్తూ ఉండాలా?"

ఉత్తరం చివర, సంతకం పెట్టే చోట, ఇంకో వాక్యం ఉంది: "రాత్రి అందరూ పడుకున్నాక రెండు నెలలుగా నా చెవుల్లో కీచురాళ్ల రొదలాగా వినిపిస్తోంది, అది అలసట వల్లేమో."

చెల్లీ, మీరు చివర్న రాసి వదిలేసిన ఆ వాక్యం దగ్గరే నేను మొదలుపెడతాను. మిగతాదంతా ఒక వారం ఆగినా నష్టం లేదు. ఇది ఆగకూడదు.

నిశ్శబ్దంలో చెవుల్లో రొద వినిపించడానికి కారణాలు చాలా ఉంటాయి. గులిమి గట్టిపడినా వస్తుంది. రోజూ గంటల తరబడి పెద్ద శబ్దం వినడం వల్ల కూడా వస్తుంది. మీ విషయంలో ఏదన్నది చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూసి చెప్పాలి. ఆడియోమెట్రీ అని ఒక పరీక్ష ఉంటుంది. గదిలో కూర్చోబెట్టి సన్నటి శబ్దాలు వినిపిస్తారు, వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. సూది, మందు ఏమీ ఉండవు. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం తగ్గితే మాత్రం వారం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 80 డెసిబెల్స్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) శబ్దాన్ని వారానికి 40 గంటలదాకా వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. పది అంకెలే పెరిగాయి కదా అనిపిస్తుంది, కానీ గడువు పదో వంతుకు పడిపోయింది. పక్క గదిలో టీవీ, మీ గదిలో కూలర్, మధ్యలో కుక్కర్ కూత. వీటన్నిటి మీదుగా ఇంగ్లండ్ వాళ్ల యాస అర్థం కావాలంటే మీ చేయి తెలియకుండానే సౌండ్ పెంచుతుంది. సాయంత్రం ఆరింటికి ఎంత పెట్టుకున్నారో చూసి, అదే సౌండ్‌తో రాత్రి పదకొండింటికి ఇల్లంతా సద్దుమణిగాక ఒకసారి వినండి. చెవులు అదిరిపోతే, రోజూ వాటికి ఏం జరుగుతోందో మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు హెడ్‌ఫోన్ సంగతి. మీరు ఒకే వస్తువుతో నాలుగు పనులు చేయించుకోవాలనుకుంటున్నారు. బయటి రొద మీకు వినపడకూడదు. మీ ఇంటి రొద క్లయింటుకు వినపడకూడదు. బాబు పిలిస్తే మాత్రం వినపడాలి. ఆ వేణువు అలాగే వినిపించాలి. ఈ నాలుగూ ఒకటి కాదు. మొదటిదానికీ మూడోదానికీ పొత్తే కుదరదు. రెండోది, అంటే మీ పరువుకు సంబంధించినది, ముప్పై వేలు పోసినా తీరుతుందని నమ్మకం లేదు. ఇది తెలియక కొని బాధపడినవాళ్లను చూశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

డబ్బాల మీద ఏఎన్‌సీ అనీ, ఈఎన్‌సీ అనీ రాస్తారు. ఒక్క అక్షరమే తేడా, పని మాత్రం పూర్తిగా వేరు. ఏఎన్‌సీ మీ చెవి కోసం. హెడ్‌ఫోన్ మీదున్న మైకు బయటి హోరును విని, దానికి సరిగ్గా ఎదురు శబ్దాన్ని లోపల పుట్టిస్తుంది, రెండూ కలిసి అణగిపోతాయి. ఈఎన్‌సీ అవతలివాళ్ల చెవి కోసం. మీరు మాట్లాడేటప్పుడు మైకులో పడే చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గించే ప్రయత్నం అది. మీ రెండో హెడ్‌ఫోన్ మీద ఉన్నది ఈఎన్‌సీ. మీకు వినిపించే గోలను తగ్గించే పని దానికి లేనే లేదు. మీరు మోసపోయారని అనను గానీ, ఆ అక్షరాలకు అర్థం ఆ డబ్బా మీదే తెలుగులో రెండు ముక్కలు రాసి ఉంటే మీ 1,799 మిగిలేవి.

ఏఎన్‌సీ అన్నా అన్నిటినీ మింగేయదు. అది పుట్టిందే విమానం ఇంజను హోరు కోసం. 1978లో బోస్ ఆడియో కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ విమానంలో ప్రయాణిస్తూ, ఇచ్చిన హెడ్‌ఫోన్‌లో ఇంజను మోత తప్ప సంగీతం వినపడక, దీని లెక్కలు మొదలుపెట్టారు. 1989లో పైలట్ల హెడ్‌సెట్‌గా అమ్మకానికి వచ్చింది. అందుకే ఇప్పటికీ దాని బలం ఒకే తీరుగా సాగే లావు శబ్దాల మీదే. ఏసీ, కూలర్, ఫ్యాను, బస్సు ఇంజను. మీరు హైదరాబాద్ ఆఫీసులో విన్న అద్భుతం అదే. అక్కడున్నది ఏసీ హోరు. మీ ఇంట్లో ఉన్నది సీరియల్ మాటలు, మిక్సీ, కుక్కర్ కూత. మిక్సీ కొంత తగ్గుతుంది. కూత తగ్గదు. మాటలు పలచబడతాయి కానీ పోవు. ఒక్కోసారి కూలర్ హోరు పోయాక ఆ మాటలే ఇంకా తేటగా చెవిన పడతాయి కూడా. ఆఫీసులో పది నిమిషాలు విన్నదాన్ని బట్టి ఇంట్లో తొమ్మిది గంటలను ఊహించుకోకండి.

ఇక క్లయింటుకు వినపడిన ఏడుపు. అది మైకు విషయం. చెవుల మీద కూర్చునే హెడ్‌ఫోన్లలో, చవకవైనా ఖరీదైనవైనా, మైకు చెవి దగ్గరే ఉంటుంది. అంటే నోటికి నాలుగైదు అంగుళాల దూరం. హెడ్‌సెట్‌కు పుల్లలాగా ముందుకు వచ్చే మైకు ఉంటుంది చూడండి, అది నోటికి రెండు వేళ్ల దూరంలో ఉంటుంది. మైకు నోటికి దగ్గరైన కొద్దీ మీ గొంతు పెద్దదవుతుంది, గోడ అవతలి టీవీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. దూరం సగమైతే మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఖరీదైన హెడ్‌ఫోన్లలో నాలుగైదు మైకులు, వాటి వెనక తెలివైన చిప్పు ఉంటాయి, 1,499 దానికన్నా అవి నయమే. కానీ మాట పంపించే పని ఒక్కటే చూస్తే, రెండు మూడు వేల వైరున్న యూఎస్‌బీ హెడ్‌సెట్ ముప్పై వేలదానితో దీటుగా నిలబడుతుంది. కాల్ సెంటర్లలో వాటినే ఎందుకు వాడతారో ఆలోచించండి.

ఇంకొకటి. బ్లూటూత్‌లో పాట వినేటప్పుడు శబ్దం ఒక దారిన వస్తుంది. మైకు ఆన్ కాగానే చాలా ల్యాప్‌టాప్‌లలో వేరే దారికి మారుతుంది. అది ఫోను మాటల కోసం చేసిన ఇరుకు దారి, రెండు చెవులకూ ఒకటే శబ్దం వస్తుంది, పాత రేడియోలాగా ఉంటుంది. ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతి దీన్ని సరిచేస్తుంది, కానీ ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్ రెండూ దానికి పనికొచ్చేవి అయి ఉండాలి. ఆ వేణువు విన్న హెడ్‌ఫోన్‌తోనే మీరొక మీటింగ్‌లో కూర్చుని ఉంటే కళ్లలో నీళ్లు తిరిగేవి కావేమో.

పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష చేయండి. సీరియల్ నడుస్తున్న వేళ, మీ కుర్చీలోనే కూర్చుని, ఇప్పుడున్న హెడ్‌ఫోన్‌తో ల్యాప్‌టాప్‌లో ఒక నిమిషం మాట రికార్డు చేయండి. తర్వాత ఏదైనా పాత వైరు ఇయర్‌ఫోన్ మైకును నోటి దగ్గర పట్టుకుని అదే మాట మళ్లీ చెప్పండి. రెండూ వినండి. జూమ్‌లోనూ టీమ్స్‌లోనూ వెనక రొదను తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసి ఒక సహోద్యోగికి టెస్ట్ కాల్ కూడా చేయండి. ఫ్యాను, కీబోర్డు చప్పుళ్లను అది బాగా తీసేస్తుంది. మనిషి గొంతు దగ్గరే అది తడబడుతుంది, సీరియల్లో ఏడ్చేదీ మనిషి గొంతే కదా. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయించండి, రెండు మూడు వందలవుతుంది. మన ఫ్లాట్లలో శబ్దం ఎక్కువగా ఆ సందులోంచే దూరుతుంది. బల్లను కూడా తలుపుకు ఎదురుగా కాకుండా పక్కకు జరపండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఒకటి, ఉద్యోగానికి ఉద్యోగపు వస్తువు. వైరున్న యూఎస్‌బీ హెడ్‌సెట్, నోటి ముందుకు వచ్చే మైకుతో. లాజిటెక్, జాబ్రా, పాలీ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. రెండు నుంచి నాలుగు వేలలో మంచివే ఉన్నాయి. ఒంటి చెవి హెడ్‌సెట్ కూడా ఉంటుంది. నాకు మీ విషయంలో అదే ఎక్కువ నచ్చుతోంది. ఒక చెవి ఖాళీగా ఉంటుంది, బాబు తలుపు కొడితే వినపడుతుంది. ఆ సొరుగు సంఘటన మీ మనసులో ఎంత గుచ్చుకుందో ఉత్తరంలో కనపడుతూనే ఉంది. అయితే రెండో చెవిలో సీరియల్ పడుతుంది, మాట అర్థం చేసుకోవడం కష్టమనిపిస్తే రెండు చెవులదే తీసుకోవాలి. కొనే ముందు మీ మేనేజరుకు ఒక మెయిల్ పెట్టండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు హెడ్‌సెట్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, అడిగినవాళ్లకే ఇచ్చేవీ ఉన్నాయి. క్లయింట్ అడిగిన ప్రశ్నే మెయిల్లో కారణంగా రాయండి, అంతకన్నా బలమైన కారణం ఉండదు. ఈ దారిలో లోటేమిటంటే వైరు మిమ్మల్ని బల్లకు కట్టేస్తుంది, వేణువు కోరిక అలాగే ఉండిపోతుంది.

రెండోది, దానికి తోడు పాటకోసం మధ్యరకం బ్లూటూత్ హెడ్‌ఫోన్. ఎనిమిది, పది వేలలో ఇప్పుడు ఏఎన్‌సీ ఉన్నవి వస్తున్నాయి. సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్720ఎన్ అలాంటిదే. బరువు 192 గ్రాములు. బరువు ఎందుకు చెబుతున్నానంటే, ఆపిల్ వాళ్ల ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ దీనికి దాదాపు రెట్టింపు, 385 గ్రాముల దగ్గర ఉంటుంది. ధరతో పాటు సుఖం పెరుగుతుందని లెక్కేమీ లేదు. శబ్దం సంగతీ అంతే. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచి, అవి శబ్దాన్ని పలికించే తీరుకూ వాటి ధరకూ పొంతన కనపడలేదని తేల్చాడు. మధ్యరకంలో నిశ్శబ్దం ఖరీదైనదాని అంత లోతుగా ఉండదు, పైమెత్త కొంచెం నాసిగా ఉంటుంది. మీరు విన్నదానికి దగ్గరగా వస్తుంది గానీ అదే కాదు. పక్కపక్కన పెట్టి వింటే తెలుస్తుంది. ఆ తేడా మీ మనసుకు ఎంత ముఖ్యమో మీకే తెలియాలి.

మూడోది, మీరు కోరుకున్నదే కొనడం. దాన్ని నేను తప్పనను. రోజూ వాడేదాన్ని నాలుగేళ్లు వాడితే ముప్పై వేలు రోజుకు ఇరవై రూపాయలు పడుతుంది. లోతైన నిశ్శబ్దం, చెవులకు ఆనే మెత్తటి దిండ్లు, ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ ఒకేసారి కలిసే సౌకర్యం, పాడైన దిండ్లు మార్చుకోవడానికి విడిగా దొరకడం. ఇవన్నీ నిజమైన లాభాలే. ముఖ్యంగా, చుట్టూ హోరు తగ్గితే సౌండ్ తగ్గించి వినొచ్చు, మీ చెవులకు అది మేలు. కాకపోతే లోపలి బ్యాటరీ అరిగేదే, ఏళ్లు గడిచేకొద్దీ ఛార్జ్ నిలవడం తగ్గుతుంది, దాన్ని ఇంట్లో మార్చుకోలేం. జూన్ ఫీజు ముందు ఆ డబ్బు పెడితే, తలకు పెట్టుకున్న ప్రతిసారీ అది గుర్తొస్తుంది. అది సంగీతాన్ని కూడా చేదు చేస్తుంది. నో కాస్ట్ ఈఎంఐ అని చూపిస్తారు. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఒక్కసారే కడితే వచ్చే తగ్గింపు పోతుంది. కార్డు గీకే ముందు మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాసుకోండి.

నిజంగా పెద్దదే కావాలనుకుంటే ఒకటి రెండు మెట్లు పాత మోడల్ చూడండి. సోనీ ఎక్స్ఎం4 2020లో మన దేశంలో 29,990కి వచ్చింది. తర్వాత మోడళ్లు వచ్చాక పండగ అమ్మకాల్లో ఇరవై వేల చుట్టుపక్కలకు దిగింది. వేణువు వినడానికి మోడల్ సంవత్సరంతో పనిలేదు. దసరా దీపావళి దాకా ఆగగలిగితే ఫీజు కూడా దాటిపోతుంది.

ఫస్ట్ కాపీ మాత్రం వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. పెట్టె, పేరు, ఆన్ చేయగానే వచ్చే గొంతు అన్నీ అచ్చం అలాగే ఉంటాయి. లోపల ఏ బ్యాటరీ పెట్టారో, దానికి ఏ పరీక్ష జరిగిందో చెప్పేవాళ్లు ఉండరు. అసలుదానిలా ఏఎన్‌సీ పనిచేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. చెవి పక్కన ఉండే లిథియం బ్యాటరీ విషయంలో మొహమాటానికి పోకండి. మీ వారి స్నేహితుడికి థాంక్స్ చెప్పి ఊరుకోండి.

డాలస్ నుంచి తెప్పించుకోవడంలో ఒక చిక్కు డబ్బుది, ఒకటి మనసుది. చాలా కంపెనీల హెడ్‌ఫోన్లకు వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఇక్కడ పాడైతే ఇక్కడి సర్వీస్ సెంటర్ డబ్బులిచ్చినా చూడకపోవచ్చు. అక్కడి ధరకు మన పండగ ధరకు తేడా ఎంతుందో ముందు లెక్క వేయండి, వారంటీ వదులుకునేంత ఉండకపోవచ్చు. మనసు సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. మీ వారు వద్దన్నది వస్తువును కాదేమో. తాను కొనివ్వలేనిది బావగారు తెచ్చిపెట్టారన్న మాట ఆయనను నొప్పిస్తుండొచ్చు. అక్క ప్రేమగా ఇస్తానన్నదాన్ని కాదనడమూ కష్టమే. తెప్పించుకుంటే డబ్బు మీరిచ్చి తెప్పించుకోండి, అప్పుడు ఇద్దరికీ మాట రాదు.

మీరు అడగని ఒక మాట కూడా చెప్పనివ్వండి. మీ వారితో మాట్లాడేటప్పుడు ఉద్యోగాన్నీ వేణువునూ కలిపేసి అడిగినట్టున్నారు. ఆఫీసు కోసం ముప్పై వేలది కావాలన్నారు. కొన్నాక కూడా క్లయింటుకు టీవీ వినపడితే, ఆ రోజు మీ మాట చెల్లదు. ఉద్యోగం కోసం కావలసింది మూడు వేలది, అది ఎవరూ కాదనరు. మిగతాది మీకోసం. మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా పరాయి గొంతులు వినే మనిషికి, రోజులో ఒక అరగంట తనకు నచ్చింది తను వినాలనుండటం చిన్న కోరిక కాదు, తప్పు అంతకన్నా కాదు. దాన్ని ఉద్యోగం చాటున దాచకుండా, వేణువు కోసమే అని అడగండి. ఆయన ఇప్పుడు కాదు, పండక్కి చూద్దాం అనొచ్చు. నెలకు రెండు వేలు పక్కన పెడదామనొచ్చు. ఆఫీసులో విన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయని నాకు రాశారు, ఆయనకు చెప్పారా?

ఏది కొన్నా దుకాణానికి వెళ్లి తలకు పెట్టుకుని కొనండి, ఆన్‌లైన్ ధర ఎంత తక్కువైనా సరే. రోజూ వాడే కళ్లద్దాలతో, రోజూ పెట్టుకునే దిద్దులతో వెళ్లండి. అద్దాల కాడ దిండుకీ చెంపకీ మధ్య సందు చేస్తుంది, అందులోంచి బయటి రొద దూరి ఏఎన్‌సీ సగం వృథా అవుతుంది. దిద్దు శీల చెవి వెనక నొక్కుకుంటుంది. పావుగంట పెట్టుకుంటే తప్ప అది బయటపడదు. క్లిప్పు, కొప్పు ఉంటే పైపట్టీ సరిగ్గా కూర్చోదు. అమ్మేవాడు పెట్టిన దడదడలాడే పాట వినకండి, మీ ఫోనులో ఆ వేణువే పెట్టమనండి.

నల్లపొట్టు సంగతి నాకు అనుభవమే. నేను కూడా రికార్డింగులు విని రాసే పనిలో ఏళ్లు గడిపాను. ఒక ఎండాకాలం ఉదయం అద్దంలో చూసుకుంటే చెవి వెనక, మెడ మీద, జాకెట్టు అంచున నల్లటి పెచ్చులు. ఏదో చర్మ రోగమని హడలిపోయాను. హెడ్‌ఫోన్ మెత్తకున్న పల్చటి రెగ్జిన్ చెమటకు ఉబ్బి ఊడుతోంది. కొత్త మెత్తలున్నాయా అని అమ్మిన చోట అడిగితే, ఆ మోడలుకు విడిగా రావన్నారు. తలకు కొబ్బరినూనె రాసుకునే మనకు, విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్లో ఇది తొందరగానే వస్తుంది. పని కాగానే పొడి మెత్తటి గుడ్డతో దిండ్లు తుడవండి, నూనె రాసుకున్న రోజు పెట్టుకోకండి. కొనేటప్పుడే ఈ మోడలుకు దిండ్లు విడిగా దొరుకుతాయా అని అడగండి. ఇప్పుడున్న దానికి గుడ్డ తొడుగులు దొరికితే వేసి చూడండి, ఇంకొన్నాళ్లు గడుస్తుంది.

మొదటిది ఎనిమిది నెలలకే పోయిందన్నారు. ఇలాంటివాటికి సాధారణంగా ఏడాది వారంటీ ఉంటుంది, అడిగి ఉంటే మార్చేవారేమో. ఈసారి బిల్లును ఫోటో తీసి పెట్టుకోండి. గడువులో ఉండగా మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇక అత్తగారు. మీ ఉత్తరంలో ఆవిడ టీవీ గురించి మూడుసార్లు వచ్చింది, కానీ ఎక్కడా ఆవిడ మీద విసురు లేదు. అది నాకు నచ్చింది. మీరు షిఫ్టులో ఉన్నంతసేపూ బాబును చూసుకునేది ఆవిడే అనుకుంటాను. ఆవిడకు దొరికే విశ్రాంతి ఆ సీరియళ్లే. క్లయింట్ ఏం అడిగాడో ఆవిడకు చెప్పండి. తన సీరియల్ ఏడుపు ఇంగ్లండ్ దాకా వెళ్లిందంటే నవ్వుతారు, నవ్వాక సౌండ్ గురించి మాట్లాడటం తేలిక. ఆవిడకు కూడా హెడ్‌ఫోన్ పెట్టేద్దామనిపిస్తే, అది వద్దంటాను. ఇద్దరి చెవులూ మూసుకుంటే బాబు పిలుపు వినేదెవరు? ఆవిడ కుర్చీ పక్కన ఒక చిన్న స్పీకరు పెట్టి టీవీ శబ్దం అందులో వచ్చేట్టు చేస్తే, తక్కువ సౌండ్‌తోనే ఆవిడకు బాగా వినపడుతుంది. మీకు కాల్ ఉన్నప్పుడు తలుపుకు ఎర్ర రిబ్బను కట్టండి. బాబుకు ఐదేళ్లు, నేర్పితే నేర్చుకుంటాడు. ఎర్రది ఉన్నప్పుడు నాన్నమ్మ దగ్గరికి వెళ్లాలి, దెబ్బ తగిలితే మాత్రం తలుపు తీసుకుని లోపలికి వచ్చేయాలి. గడియ వేయకండి.

ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒక అనుమానం వచ్చింది. తలుపు మూసి, గోడ అడ్డం ఉండి, చెవుల మీద హెడ్‌ఫోన్ ఉన్నా సీరియల్ మాటమాటా మీకు తెలుస్తోందంటే, ఆవిడ అంత సౌండ్ ఎందుకు పెడుతున్నారు? తక్కువలో వినపడట్లేదేమో. పెద్ద వయసులో వినికిడి మెల్లగా తగ్గుతుంది, తగ్గుతున్నట్టు వాళ్లకే తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు గొణుగుతున్నారనుకుంటారు, టీవీ సౌండ్ ఒక గీత, మరో గీత పెంచుకుంటూ పోతారు. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు మీ ఒక్కరి పేరే రాయించకండి. అత్తగారి పేరు కూడా రాయించి, ఇద్దరూ కలిసి వెళ్లి ఆ పరీక్ష చేయించుకోండి. ఏం చెప్పారో నాకు రాయండి, హెడ్‌ఫోన్ కొనడం ఆ తర్వాత చూద్దాం.